పెద్దల చదువులో విసుగు: రాత్రి బడి బోధకులకు కొన్ని సూచనలు

నేను చదువు చెప్పిన ఊళ్లలో రాత్రి బడి తెరిచిన మొదటి వారం పాతికమంది దాకా వచ్చేవారు. రెండో నెల దాటేసరికి పది పన్నెండు మందే మిగిలేవారు. మానేసినవారిని ఇంటికి వెళ్లి అడిగితే కలుపు పనులనీ, మనవడికి జ్వరమనీ, సాయంత్రమైతే తలనొప్పి వస్తోందనీ చెప్పేవారు. అవి అబద్ధాలు కావు. కానీ అదే కలుపుల కాలంలో రాత్రి భజనకు రాగలిగిన మనిషి బడికి మాత్రం రాలేకపోవడానికి మరో కారణం ఉండితీరాలనీ, తీరికగా పక్కన కూర్చుని మాట్లాడితే తప్ప ఆ కారణం బయటికి రాదనీ నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. ఎక్కువసార్లు అది తరగతిలో ఒక సాయంత్రం జరిగిన చిన్న విషయమే అయ్యేది. అందరి ముందూ ‘మ’ను ‘య’ అని చదివినప్పుడు వెనక నుంచి ఎవరో నవ్వి ఉంటారు, లేదా మూడుసార్లు దిద్దినా కుదరని అక్షరాన్ని నాలుగోసారి నేనే చెరిపేసి, ‘ఇలా రాయాలి’ అని రాసి చూపించి ఉంటాను.

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు, ఆపైన వయసున్న ఆడవారిలో చదవడం, రాయడం వచ్చినవారు దాదాపు 59 శాతమే. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 2027 వరకు చేపట్టిన ఉల్లాస్ కార్యక్రమం కింద 15 ఏళ్లు నిండిన నిరక్షరాస్యులకు చదువు చెప్పే బాధ్యత ప్రధానంగా స్వచ్ఛంద బోధకులది. వారిలో చాలామంది డిగ్రీ చదువుతున్న పిల్లలు, పొదుపు సంఘాల్లో లెక్కలు రాసే యువతులు. వాచకం ఎలా చెప్పాలో వారికి ఎంతో కొంత శిక్షణ దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్న యాభై ఏళ్ల మనిషి హఠాత్తుగా పలక బోర్లించి ‘నా బుర్రకు ఎక్కదులే అమ్మా’ అని లేచిపోతే ఏం చేయాలో చెప్పేవారు తక్కువ. ఈ సూచనలు వారి కోసం రాస్తున్నాను.

అన్నింటికన్నా ముందు గ్రహించవలసినది, పెద్దల తరగతిలో మనం విసుగు అని పిలిచేది చాలావరకు విసుగు కాదు, నామోషీ. పిల్లవాడికి అక్షరం రాకపోతే ఏడుస్తాడు, కాసేపటికి మరిచిపోతాడు. ఇంటిని నడిపి, పిల్లల పెళ్లిళ్లు చేసి, పదిమందికి సలహా చెప్పే స్థితికి వచ్చిన మనిషి మాత్రం పలక ముందు కూర్చున్న క్షణంలో ఆ స్థితినంతటినీ పక్కన పెట్టవలసి వస్తుంది. దాని మీద ‘విద్య లేనివాడు వింత పశువు’ అనే సామెతను చిన్ననాటి నుంచీ వింటూ వచ్చిన మనసు అది. కొన్ని కేంద్రాల గోడల మీద ఆ సామెత రాసి ఉండటం చూశాను. మీ కేంద్రంలో ఉంటే ఈ రోజే సున్నం వేయించండి. అక్షరాలు నేర్చుకుని మొదటిసారి గోడ మీది మాటలు కూడబలుక్కునే మనిషికి తన గురించి ఆ మాట కనిపించకూడదు.

అభ్యాసకులు తమకు తామే చెప్పుకునే సామెత మరొకటి ఉంది: ‘మొక్కై వంగనిది మానై వంగునా?’ దీనికి ఉపన్యాసంతో జవాబు చెప్పకండి. ఆ మాట అన్నామెకు ఆమె ఇటీవల నేర్చుకున్న పని ఒకటి గుర్తు చేయండి. సెల్‌ఫోన్‌లో కూతురి ఫొటో చూసి ఫోన్ చేయడం, కుట్టుమిషను తొక్కడం, గ్యాస్ పొయ్యి వాడటం, అన్నీ పెద్దయ్యాక నేర్చుకున్నవే. ‘ఆ ఫోన్ ఎన్ని రోజుల్లో అలవాటైంది పెద్దమ్మా?’ అని అడిగితే ఆమె నోటి నుంచే సమాధానం వస్తుంది.

గుర్తుపట్టడం

పెద్దల నిస్పృహ కోపంగా బయటపడటం అరుదు. పలక విసిరేవారికన్నా నవ్వేవారు ఎక్కువ. ఒకామె తరగతి మొదలవగానే పక్కవారితో కబుర్లు పెట్టుకుంటే, మరొకామె అందరికీ మంచినీళ్లు తెచ్చే పని తానే మీద వేసుకుంటుంది. ఇంకొకరు పక్కవారి పలకలోంచి చూసి అక్షరాలను బొమ్మలుగా దింపేస్తారు. ‘అద్దాలు ఇంట్లో మరిచిపోయాను’ అనే మాట వారంలో మూడుసార్లు వినిపిస్తే అది మతిమరుపు కాదని అనుమానించాలి. అన్నింటిలోకీ గమనించవలసింది, నిన్నటిదాకా తప్పో ఒప్పో పైకి చదివిన మనిషి ఈ రోజు పెదవులు మాత్రమే కదపడం. ఆ దశలో చూసి సర్దుకుంటే సరిపోతుంది. ఆ తరువాత ఇంటికి వెళ్లి పిలవవలసి వస్తుంది.

మనసుకన్నా ముందు ఒంటిని చూడండి

నా తరగతిలో ఒకామె నల్లబల్ల మీద రాసినవన్నీ చదివేది, వాచకం తెరవగానే తల పట్టుకునేది. ఆమెకు చదువు మీద ఆసక్తి లేదని నేను రెండు వారాలు అనుకున్నాను. చివరికి తేలింది, ఆమెకు ఉన్నది చత్వారం. నలభై ఏళ్లు దాటేసరికి కంటిలోని కటకం సాగే గుణం తగ్గి, దగ్గరి వస్తువులు మసకబారడం అందరికీ జరిగేదే. కానీ పొలం పనిలో, వంటలో దాని ఇబ్బంది పెద్దగా తెలియదు, చిన్న అక్షరం ముందు పెట్టినప్పుడే తెలుస్తుంది. చదువు రానివారు ‘నాకు అక్షరం కనబడటం లేదు’ అని చెప్పరు, ఎందుకంటే అక్షరం ఎంత స్పష్టంగా కనబడాలో వారికి పోల్చుకోవడానికి ఏమీ లేదు. అందుకే ‘నాకు రాదు’ అంటారు. కాబట్టి చేరిన మొదటి రోజే నలభై దాటిన ప్రతి ఒక్కరినీ ‘సూదిలో దారం ఎక్కించగలుగుతున్నారా, మనవరాలి చేత ఎక్కించుకుంటున్నారా?’ అని అడగండి. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో మొదలైన శిబిరాల్లో చాలామందికి ఉచితంగా అద్దాలు అందాయి. వాటిని భద్రంగా పెట్టెలో దాచుకున్నవారు ఉంటారు, తీసి పెట్టుకోమని చెప్పండి. లేనివారిని ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్షకు మీరే వెంట తీసుకువెళ్లండి. ఒక జత దగ్గరిచూపు అద్దాలు చేసే మేలు నెల రోజుల ప్రోత్సాహపు మాటలు చేయలేవు.

వెలుతురు కూడా అంతే ముఖ్యం. ఒక్కటే బల్బు ఉన్న గదిలో అది వారి వీపు వెనక ఉంటే, వారి నీడ వారి పలక మీదే పడుతుంది. కూర్చునే దిక్కు మార్చండి. ఇక చేతుల సంగతి. కొడవలి, పార, రోకలి పట్టి గట్టిపడిన వేళ్లకు సన్నని పెన్సిలు పట్టు చిక్కదు. గట్టిగా నొక్కితే ములుకు విరుగుతుంది, విరిగిన ప్రతిసారీ చుట్టూ చూస్తారు. మొదటి పది పదిహేను రోజులు లావుపాటి సుద్దముక్కతో నేల మీద, ఆ తరువాత బలపంతో పలక మీద రాయించి, చేయి తిరిగాకే కాగితం ఇవ్వండి. పగలంతా ఎండలో వంగి నాట్లు వేసి, వంట ముగించి, రాత్రి ఎనిమిదింటికి వచ్చిన మనిషి కునికితే మందలించకూడదు. నాట్ల రోజుల్లో పాఠం అరగంటకు మించి ఉండకపోవడం మేలు.

అక్షరమాల దగ్గర అలసిపోనివ్వకండి

మనం బడిలో నేర్చుకున్న వరుసలోనే పెద్దలకు కూడా అ, ఆ, ఇ, ఈ అంటూ మొదలుపెట్టి ౠ, ఌ, ౡ దాకా వల్లె వేయించడం మొదటి నెలలోనే జనాన్ని పోగొట్టుకునే మార్గం. ఌ, ౡ ఈనాటి తెలుగు రాతలో దాదాపు కనబడవు. ఙ, ఞ వారి రోజువారీ చదువులో ఎదురయ్యేది బహు తక్కువ. వాటి కోసం ఖర్చయ్యే నాలుగు సాయంత్రాల్లో ఒక మనిషి తన పేరు, ఊరి పేరు రాయడం నేర్చుకోగలదు. వయోజన వాచకాలు చాలావరకు తెలిసిన బొమ్మ, దాని పేరు, ఆ పేరులోని అక్షరం అనే వరుసలో సాగుతాయి. బోధకులే అలవాటు కొద్దీ వాచకం మూసి వర్ణమాల అందుకుంటారు. అలా చేయవద్దు.

ఒకదానినొకటి పోలిన అక్షరాలను ఒకే రోజు చెప్పకండి. ప, వ, ష, స ఒక గుంపు. ద, ధ, థ ఒక గుంపు. బ, భ మరో జత. వీటిని పక్కపక్కన పెట్టి తేడా చూపించడం మనకు సులువుగా తోస్తుంది గానీ, కొత్తవారికి రెండూ కలిసిపోయి ముందు వచ్చినది కూడా పోతుంది. ‘ప’ చేతికి పూర్తిగా పట్టుబడిన వారం తరువాతే ‘ష’ దగ్గరికి వెళ్లాలి. ‘మ’, ‘వు’ల మధ్య తికమక అందరికీ వస్తుందని ముందుగానే చెప్పేస్తే, అది వచ్చినప్పుడు తమ లోపం అనుకోరు. ఏ అడ్డంకి ఎక్కడ వస్తుందో ముందే చెప్పడం నిస్పృహకు మంచి మందు.

అలాంటి పెద్ద అడ్డంకులు రెండు. ఒకటి గుణింతాలు. పేరు రాయడం వచ్చిన ఆనందంలో ఉన్నవారు ఇక్కడికి రాగానే చతికిలబడతారు. 35 హల్లులకు పన్నెండేసి రూపాలు వేసుకుంటేనే 420 అవుతాయి. అన్నింటినీ కంఠస్థం చేయాలనే భయం వారి ముఖాల్లో కనబడుతుంది. నేర్చుకోవలసినవి 420 కావు, తలకట్టు, గుడి, కొమ్ము వంటి పన్నెండు గుర్తులేనని, అవి ఏ హల్లుకైనా దాదాపు ఒకేలా అంటుతాయని ఒకే హల్లుతో చూపించండి. అందులోనూ ముందు గుడి, కొమ్ము, దీర్ఘం, సున్న చాలు. వీటితోనే ‘నీరు’, ‘కూలి’, ‘పాలు’, ‘పంట’ రాయవచ్చు. 

రెండో అడ్డంకి ఒత్తులు. గ, డ, ద, బ వంటి వాటి ఒత్తు ఆ అక్షరాన్నే చిన్నదిగా చేసి కింద పెట్టినట్టు ఉంటుంది కాబట్టి పట్టుబడుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వీటిని నియమంగా చెబితే ఎవరికీ గుర్తుండదు. నేను అత్త, అన్న, అమ్మ, పిల్ల అనే నాలుగు మాటలతో మొదలుపెట్టి, తరువాత రాత్రి, విద్య చేరుస్తాను. ఆరు ఒత్తులూ వచ్చేస్తాయి. పైగా ‘అమ్మ’ అని మొదటిసారి తన చేత్తో రాసుకున్న రోజున ఎవరూ పలక బోర్లించడం నేను చూడలేదు.

వారి మాటను తప్పనకండి

వాచకంలో బొమ్మ కింద ‘సొరకాయ’ అని ఉంటుంది. ఉత్తరాంధ్ర అభ్యాసకురాలు బొమ్మ చూసి ‘ఆనపకాయ’ అని చదువుతుంది. మనం ‘తప్పు’ అంటాం. ఆమెకు అర్థమయ్యేది తన అక్షరం తప్పని కాదు, తన ఇంట్లో మాట్లాడే మాటే తప్పని. ‘వచ్చాడు’ అని ఉన్నచోట తెలంగాణలో ‘వచ్చిండు’ అనీ, రాయలసీమలో ‘వచ్చినాడు’ అనీ చదవడం కూడా ఇటువంటిదే. ఆ చదివిన మనిషి అర్థం పట్టుకుని చదివింది, అది మెచ్చుకోదగ్గ విషయం. ‘మీరన్నదీ ఇదే, పుస్తకంలో ఇలా రాశారు’ అని రెండు మాటలూ బల్ల మీద పక్కపక్కన రాయండి. సొంతంగా రాయించేటప్పుడు తొలి నెలల్లో వారి మాటనే రాయనివ్వండి. గోండు, కోయ, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్లవారికి తెలుగు రెండో భాష అని గుర్తుంచుకుని, వారి దగ్గర ఇంకా నిదానించాలి.

లెక్కల్లో కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. పత్తి ఏరిన మనిషికి కిలోకు 12 రూపాయల చొప్పున 13 కిలోలకు ఎంత రావాలో అడిగితే, పది కిలోలకు 120, మూడింటికి 36, మొత్తం 156 అని మీరు బలపం అందుకునేలోగా చెప్పేస్తుంది. అదే లెక్కను నిలువుగా వేసి ఒకట్ల స్థానం, పదుల స్థానం అంటూ మొదలుపెడితే తెలియదని తల ఊపుతుంది. ఆమెకు లెక్క వచ్చు. రానిది అంకెను రాసే తీరు. అందుకే ముందు నోటితో చెప్పించి, ఆమె చెప్పిన దారిలోనే 120, 36 రాయించి కూడించండి. తనకు అప్పటికే వచ్చిన విద్య ఇక్కడ పనికొస్తోందని తెలిస్తే మిగిలిన ఓర్పు దానంతటదే వస్తుంది.

ఏం చదివిస్తామన్నది కూడా ఇందులో భాగమే. 1990ల తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో సారా వల్ల చితికిన కుటుంబం గురించిన పాఠం ఉండేది. ఆ పాఠం చదివిన ఆడవారు ‘ఈ వయసులో మాకెందుకీ చదువు’ అని అడగలేదు. ఆ జిల్లాలోని దూబగుంటలో సారా దుకాణం మూయించారు, అక్కడ మొదలైన ఉద్యమం వ్యాపించి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది. అంత పెద్ద ఫలితం ప్రతిచోటా రాకపోవచ్చు గానీ, డ్వాక్రా తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఆర్టీసీ బస్సు బోర్డు మీ తరగతిలో వాచకంతో సమానంగా ఉండాలి. పాసుపుస్తకంలో తన పేరు తానే గుర్తుపట్టడం రెండో వారంలోనే సాధ్యమవుతుంది.

విసుగు పైకి వచ్చిన క్షణంలో

ఒకరు పలక పక్కన పెట్టేశారనుకోండి. మొదట చేయవలసింది, వెంటనే వారి దగ్గరికి వెళ్లకపోవడం. అందరి చూపూ మీ వెంట వస్తుంది. మిగిలినవారందరి చేత ఏదైనా తెలిసిన పాఠం కలిసి చదివించడం మొదలుపెట్టి, ఆ గోలలో నెమ్మదిగా వారి పక్కన కూర్చోండి. ‘ఏమైంది?’ అని అడగవద్దు, ‘ఇది చాలా తేలిక’ అని అసలే అనవద్దు. తేలికైనది కూడా తనకు రాలేదన్నమాట గదా అని ఆ మాట ఇంకా లోతుగా దిగుతుంది. ‘ఇది కష్టమైన అక్షరమే, నాకూ పిల్లప్పుడు చాలా రోజులు పట్టింది’ అనండి, అది నిజమైతేనే అనండి. ఆ తరువాత వారికి తప్పకుండా వచ్చిన ఒక మాట, ఎక్కువగా వారి పేరే, పలక మీద రాయమని అడిగి అంతటితో ఆ రోజు పాఠం ఆపండి. రాని అక్షరంతో ఇంటికి పంపకూడదు, వచ్చిన మాటతో పంపాలి.

దిద్దేటప్పుడు వారి రాతను చెరపకండి. పక్కనే సరైన రూపం రాసి రెండూ చూసుకోమనండి. తప్పు గుర్తులు, ఎర్ర సిరా వద్దు. ఒక్కరినే నిలబెట్టి చదివించడం మొదటి రెండు నెలలు మానుకోండి. అందరూ కలిసి, ఆ తరువాత ఇద్దరిద్దరుగా, ఎవరికి వారు కోరుకున్నప్పుడే ఒంటరిగా. ఆ ఇద్దరిని జతపరచడంలో జాగ్రత్త అవసరం: అత్తాకోడళ్లను, తోటికోడళ్లను ఒక జతగా కూర్చోబెట్టవద్దు.

పిలుపు విషయంలో మీ చదువు మీ వయసును పెంచదు. ఊరి వరస ప్రకారం పిన్ని, అత్త, వదిన, మామ, అన్న అనే పిలవాలి, మీరు అనే మన్నించాలి. ఒక శిక్షకుడు అరవై ఏళ్ల పెద్దాయనను ‘ఒరేయ్ బాబూ, ఇది చదువు’ అని సరదాకే అన్నాడు. ఆయన చదివాడు, మర్నాటి నుంచి రాలేదు.

ఇంటి దగ్గర మనవళ్లు, భర్తలు వెక్కిరించడం వల్ల తరగతిలో విసుక్కునేవారు ఉంటారు. పిల్లలతో మీరే మాట్లాడండి. నాయనమ్మ చదువుతుంటే తప్పు పట్టవద్దని, అడిగినప్పుడే చెప్పమని, రోజూ ఒక్క మాట ఆమె చేత చదివించుకోమని వారికి పని అప్పగిస్తే, వెక్కిరించే పిల్లలే కాపలా కాస్తారు.

ఉల్లాస్ కింద జరిగే పరీక్ష కూడా భయం పుట్టించే ఘట్టమే. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కదానికి 50 చొప్పున 150 మార్కులు. పరీక్ష అనే మాట వినగానే బాగా చదివేవారు కూడా ముడుచుకుని కూర్చుంటారు. నెల ముందు నుంచే వారానికొకసారి అటువంటి కాగితమే ఇచ్చి, మార్కులు వేయకుండా నింపించండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు రాసే పై గడులు నింపడమే పదిసార్లు చేయించండి. పరీక్ష రోజున చేయి వణికేది అక్కడే. ఎంత చేసినా అవే అక్షరాలను మళ్లీ మళ్లీ తిరగేసి రాసేవారు, వినికిడి తగ్గినవారు ఒకరిద్దరు ఉంటారు. వారిని సోమరులనుకోకుండా విడిగా కూర్చోబెట్టుకోవాలి, చెవుల పరీక్ష చేయించాలి.

కోతలు, వలసలు, పండుగలు వచ్చినప్పుడు తరగతి ఖాళీ అవుతుంది. మానినవారు తిరిగి రావడానికి సిగ్గుపడతారు, మరిచిపోయామని తెలిసిపోతుందని. అందుకే వెళ్లేముందే చెప్పండి: కోతలు అయ్యాక రండి, కొంత మరిచిపోతారు, వారంలో మళ్లీ వస్తుంది అని. వారి పలక మీద పేరు రాసి కేంద్రంలోనే ఉంచండి. తిరిగి వచ్చిన రోజున ఇన్నాళ్లు ఎందుకు రాలేదని అడగకుండా, కూర్చునే చోటు చూపించి ఆ పలక చేతికివ్వండి. మొదటి పాఠంగా దాని మీది పేరు చదివించండి.